నిలబడి తీసుకున్న పతకం

ఇలా దగ్గరికి జరగండి. గోడకి ఆనుకునేవాళ్లు ఆనుకోండి, కాళ్లు చాపుకునేవాళ్లు చాపుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. మధ్యలో లేచి మాత్రం వెళ్లకండి. ఇది ఒక తల్లీ కూతుళ్ల కథ. దేశాన్నేలే పెద్దాయన కూడా ఉన్నాడు ఇందులో, కానీ ఆయన ఆఖర్న వస్తాడు. పెద్దవాళ్లు ఎప్పుడు ముందొచ్చారు గనక.

బస్సు డిపో వెనక సందులో, మేడమెట్ల కింద ఇరుకు గదిలో, ఒకావిడ కుట్టుమిషను పెట్టుకుని బతికేది. అందరూ టైలరమ్మ అనేవాళ్లు. ఆడవాళ్ల బట్టలే కుట్టేది. ఎవరైనా మగవాళ్ల చొక్కా పట్టుకొస్తే, "వాళ్లకి కుట్టడానికేముందమ్మా, దిండు గలీబుకి చేతులు తగిలిస్తే సరి" అని వచ్చిన దారినే పంపేసేది. పనిలో ఆవిడకొక పంతం. బట్ట మీద హుక్కు కనబడకూడదు. సన్నగా మడత పెట్టి, ఆ మడత చాటున హుక్కు దాచి కుట్టేది. "పెట్టుకునే వేలికి తెలియాలి, చూసే కంటికి తెలియకూడదు" అనేది. పని నేర్చుకోవడానికొచ్చిన ఆడపిల్లలు ఎవరైనా హుక్కు బయటికి కుట్టారా, ఆ రోజు వాళ్ల పని అయిపోయినట్టే. "ఆ హుక్కు చూడు, పెళ్లిచూపులకి కూర్చున్నట్టు ఎలా పళ్లికిలిస్తోందో" అని పొద్దుగూకేదాకా సాధించేది.

భర్త టౌను బస్సు డ్రైవరు. ఆయన నోరు విప్పితే బస్సులో నిలబడ్డవాళ్లు కూడా కాళ్లనొప్పులు మర్చిపోయి నవ్వేవాళ్లు. ఇంట్లో మాత్రం ఆవిడ నవ్వేది కాదు. నవ్వితే నోట్లో గుండుసూదులు మింగుతానేమోనని భయం అనేది.

వాళ్లకి ఒక్కతే కూతురు. అడుగులు పడకముందే దానికి చక్రాల మీద మోజు. పాకుతూ వెళ్లి మిషను చక్రం తిప్పేది, వేలు నలిగేది, ఏడ్చేది, మళ్లీ తిప్పేది. కాస్త ఎదిగాక తండ్రి ఒళ్లో కూర్చుని డిపోలో ఆగి ఉన్న బస్సు స్టీరింగు తిప్పుతూ ఊరంతా తిరిగొచ్చినట్టు కబుర్లు చెప్పేది. అలా బండిపిల్ల అని పేరు పడిపోయింది. సూదిలో దారం ఎక్కించమంటే మాత్రం చూపు వంకరపోయేది. "నా కడుపున పుట్టి దీనికి దారం ఎక్కించడం రాదేమిటి" అని తల్లి నెత్తి కొట్టుకుంటే, "లారీ ఎక్కిస్తుందిలే, ఊరుకో" అనేవాడు తండ్రి.

ఆ పిల్ల పెద్దదై సైన్యంలో అంబులెన్సు డ్రైవరుగా చేరతానంది. ఇంట్లో ఎవరూ కాదనలేదు గానీ, తండ్రికి అక్క ఒకావిడ ఉంది, ఎదురింట్లోనే ఉండేది. ఆవిడ నోట్లో నువ్వు గింజ నానదు. "ఆడపిల్ల స్టీరింగు పట్టుకుంటే చేతులు కాయలు కాస్తాయిరా" అంది.

"గరిటె పట్టుకుంటే కాయలేదా అక్కా?" అన్నాడాయన.

"నేను పట్టుకున్నది నీకు అన్నం వండి పెట్టడానికిరా."

"ఇదీ అంతేలే. ఎవరికో ఒకరికి ప్రాణం మిగల్చడానికి పట్టుకుంటుంది."

ఆ మాట ఊరికే అన్నాడు. నిజమై కూర్చుంది.

సరిహద్దులో పోరు మొదలైంది. పిల్ల అక్కడే ఉంది. ఉన్నట్టుండి ఒకరోజు కబురొచ్చింది, ఆసుపత్రిలో ఉందని. ఆ మొగుడూ పెళ్లాలు ఎలా వెళ్లారో, దారిలో ఏం తిన్నారో, తిన్నారో లేదో, వాళ్లకే గుర్తులేదు. వెళ్లి చూస్తే మెడకి ఎడమ పక్క నుంచి భుజం మీదుగా మోచేతి దాకా కట్లు. కాలిపోయింది. తొడ మీది చర్మం తీసి అక్కడ వేశారు. ఏం జరిగిందే అని అడిగితే, "అక్కడ ఒక లారీ తప్పుడు చోట పెట్టి ఉందమ్మా, కాస్త అవతల పెట్టొచ్చాను" అంది. అంతకు మించి పెదవి విప్పలేదు. మండుతున్న లారీని ఆసుపత్రి గుడారాల దగ్గర్నుంచి దూరంగా తోలుకుపోయిందని డాక్టరు చెబితే తెలిసింది. తల్లికి ఇంకా అడగాలని ఉండేది. కానీ అడిగినప్పుడల్లా పిల్ల మొహం అటు తిప్పుకునేది, ఈవిడ నోటికి కుట్టు పడిపోయేది.

ఇంటికి తెచ్చుకున్నారు. పుండు మానుతోంది గానీ కొత్త చర్మం ఉల్లిపొరలా ఉంది. దారప్పోగు తగిలినా పిల్ల ఉలిక్కిపడేది. ఎడమ చెయ్యి పైకి లేవదు. వదులు గౌను ఒకటి తల్లి కుట్టిచ్చింది, దాంతోనే ఇంట్లో తిరిగేది.

అలా ఉండగా సైన్యం సభల ఏర్పాట్లు చూసే ఆఫీసరు ఒకాయన, టోపీ చంకలో పెట్టుకుని, మెట్ల కింద గది వెతుక్కుంటూ వచ్చాడు. బండిపిల్లకి సాహస పతకం ఇస్తున్నారట. దేశాధ్యక్షుడే తన చేత్తో తగిలిస్తాడట. తండ్రి కుర్చీ తుడిచాడు, మళ్లీ తుడిచాడు, ఆఫీసరు కూర్చున్నాక కూడా తుడవబోయాడు.

ఆఫీసరు మంచివాడే. మెల్లగా అసలు మాట బయటపెట్టాడు. "యూనిఫాం పూర్తిగా వేసుకున్నవాళ్లే వరుసలో నిలబడాలమ్మా. అది పాత నియమం, నేను పెట్టింది కాదు. మీ అమ్మాయికి ఈ స్థితిలో కోటు వేయడం కుదరదు. పక్కన కుర్చీ వేయిస్తాం. పెద్దాయన అక్కడికే వచ్చి, పతకం పెట్టెలో పెట్టి ఒళ్లో పెడతారు. గౌరవం ఏమీ తగ్గదు."

బండిపిల్ల అప్పటిదాకా నేల చూస్తోంది. తల ఎత్తింది. "సార్, ఆ బండి కూర్చునే తోలాను. మెడల్ నిలబడి తీసుకుంటాను."

"కోటు వేసుకోగలవా మరి?"

పిల్ల చెయ్యి ఎత్తబోయింది, సగంలోనే ఆగిపోయింది. ఆ సగంలో ఆగిన చెయ్యి చూసింది తల్లి. ఇన్నాళ్లూ ఆ పిల్ల నొప్పి అనలేదు, నీళ్లు కావాలని కూడా నోరు తెరిచి అడగలేదు. మొదటిసారి ఒకటి కావాలంది.

"వేసుకుంటుంది" అంది టైలరమ్మ.

"ఎలాగమ్మా?"

"ఆ తిప్పలు నావి. కోటు తెచ్చివ్వండి."

"బయటికి తేడా కనబడితే పైవాళ్లు ఒప్పుకోరమ్మా."

"బాబూ, కనబడకుండా కుట్టడమే నా బతుకు" అంది.

కోటు వచ్చింది. దాంతోపాటు లావుపాటి ఇత్తడి హుక్కు ఒకటి ఇచ్చి, "ఎడమ జేబు పైన కుట్టండి, పెద్దాయన మెడల్ దీనికే తగిలిస్తారు" అన్నాడు ఆఫీసరు. నోటినిండా గుండుసూదులు, ఆవిడ తలూపింది.

ఇక చూడాలి ఆవిడ పని. జనం కుట్టమని తెచ్చిన బట్టలన్నీ మూటకట్టి అటక మీద పడేసింది. ఎవరొచ్చి అడిగినా "ఇప్పుడు కాదు" అన్న ఒక్క మాటే. మగవాళ్ల చొక్కా ముట్టని మనిషి, గట్టి కోటు గుడ్డ ముందేసుకుని కూర్చుంది. సూది దిగేది కాదు. "ఇది గుడ్డా, రేకా" అని తిట్టుకుంటూ కుట్టేది. మెడ దగ్గర్నుంచి భుజం మీదుగా చేతి అంచుదాకా ఎడమ వైపు కుట్టంతా విప్పేసింది. భుజం కింద దూది దిండు ఉంటుందే, అది పీకేసింది. చెయ్యి లోపలికి దూర్చే పని లేకుండా, కోటుని ఒంటికి చుట్టి మీద నుంచి మూసేలా పట్టీ వేసింది. ఆ పట్టీ పొడుగునా మడత చాటున హుక్కులు. లోపల, ఉతికి ఉతికి మీగడలా అయిన పాత దుప్పటి గుడ్డ వేసింది, కుట్టు గరుకు ఒంటికి తగలకుండా బయటివైపు తిప్పింది.

గట్టి కుట్టు వేయకముందే, కచ్చాకుట్టు మీద ఒకసారి తొడిగి చూసింది. పిల్ల పెదవి కొరుక్కుని, "బాగుందమ్మా" అంది.

"నీ మొహం బాగుంది. బాగుంటే కళ్లల్లో ఆ నీళ్లేమిటే?"

"ఉల్లిపాయల ఘాటు."

"ఇంట్లో ఉల్లిపాయలు ఎవరు కోస్తున్నారు?"

"నేనూ ఏడుస్తున్నాను" అన్నాడు తండ్రి గుమ్మం అవతల్నుంచి, "నన్ను అడిగే దిక్కు లేదు."

మళ్లీ విప్పింది. మెడ దగ్గర ఇంకాస్త వదిలింది. మళ్లీ తొడిగింది, మళ్లీ విప్పింది. మేనత్త రోజూ గుమ్మంలో నిలబడి చూసేది. "కుర్చీలో కూర్చుంటే సరిపోయేదానికి ఎందుకమ్మా ఈ హైరానా? ఇచ్చేది ఎలాగూ ఇస్తారుగా" అంది ఒకరోజు.

టైలరమ్మ తల ఎత్తలేదు. "వదినా, అది ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఇది అడిగింది. ఇవ్వలేకపోతే ఇన్నేళ్లు సూది పట్టి ఏం లాభం?"

మేనత్త చెప్పులు విడిచి లోపలికొచ్చి, "ఆ దారం ఇటివ్వు, నేను ఎక్కించి పెడతాను" అంది. అదే ఆవిడకి వచ్చిన మంచిమాట.

అన్నీ అయ్యాక ఇత్తడి హుక్కు మిగిలింది. ఆవిడ చెయ్యి ఇంకా పట్టీకి హుక్కులు దాచి కుట్టిన ఊపులోనే ఉంది. జేబు పైన సన్నటి మడత తీసి, దాని చాటున హుక్కు పెట్టి, గట్టిగా బిగించి, ఇస్త్రీ చేసి, ఎత్తి పట్టుకుని చూసుకుంది. ఎక్కడా ఏ హుక్కూ కనబడలేదు. ఆవిడ కడుపు నిండింది. పతకం తగిలించే హుక్కు కనబడి తీరాలన్న ఆలోచన ఆవిడకి రానేలేదు. పాతికమంది టైలర్లని కూర్చోబెట్టినా ఆ తప్పు చేయరు. ఆవిడే చేయగలదు.

సభకి ముందు రోజు నడక సాధన చేయించారు. పిల్లకి నొప్పి ఎందుకని కోటు లేకుండానే గౌనుతో నడిపించారు. ఎక్కడ ఆగాలి, ఎటు తిరగాలి, ఎప్పుడు సెల్యూట్ కొట్టాలి, అన్నీ చక్కగా చేసింది. చూడ్డానికొచ్చిన ఇంటివాళ్లకి కూడా చెప్పారు. ఎవరూ కుర్చీలోంచి లేవకూడదు, ఎవరూ నోరు మెదపకూడదు. "ఆ రెండోది మా అక్కకి రాసి చూపించండి" అన్నాడు తండ్రి.

సభ రోజు రానే వచ్చింది. పెద్ద హాలు, నున్నటి నేల, పైన వరుసగా దీపాలు. వెనక గదిలో తల్లి స్వయంగా కోటు తొడిగి, హుక్కు హుక్కూ పెట్టి, అడుగు వెనక్కి వేసి చూసింది. గౌనులో వాడిపోయిన పిల్ల ఎటుపోయిందో. కొయ్యస్తంభంలా నిటారుగా ఒక సైనికురాలు నిలబడి ఉంది. "నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"అబద్ధం చెప్పనా?"

"వద్దు."

"అయితే అడక్కు. అమ్మా, నిలబడ్డాను కదా" అంది పిల్ల.

వచ్చి సీట్లో కూర్చుంది తల్లి. ఒక పక్క మొగుడు, ఒక పక్క ఆడపడుచు. అధ్యక్షుడు వచ్చాడు. తల నెరిసిన పెద్దాయన, కళ్లజోడు, నెమ్మదైన నడక. ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు, చేసిన పని చదువుతున్నారు, ఆయన పతకం తగిలిస్తున్నాడు.

బండిపిల్ల వంతు వచ్చింది. నడిచొచ్చి ఆగింది. మైకులో ఒక గొంతు చదవడం మొదలుపెట్టింది. ఆసుపత్రి గుడారాల పక్కన పెట్రోలు లారీ మీద గుండు పడిందట. వెనక భాగం అంటుకుందట. దాని డ్రైవరు దెబ్బ తిని కింద పడిపోయాడట. గుడారాల నిండా లేచి నడవలేని జవాన్లట. ఈ పిల్ల తన బండి దిగి, మండుతున్న లారీ ఎక్కి, గతుకుల దారిలో ఎండిపోయిన వాగు దాకా తోలుకుపోయిందట. మంట వెనక కిటికీలోంచి లోపలికొచ్చి ఎడమ భుజాన్ని పట్టుకున్నా, ఆ దారిలో ఒక్క చేత్తో బండి నిలవదని, రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచిందట. వాగులోకి దింపాకే దూకిందట. ఆ వెనకే లారీ పేలిపోయిందట.

రెండు చేతులూ. ఆ మాట తల్లి చెవిలో పడి అక్కడే ఆగిపోయింది. ఒక్క చెయ్యి తీసి మంటని కొట్టుకుని ఉంటే భుజం మిగిలేది. తియ్యలేదు. పక్కన మొగుడి చెయ్యి తన చెయ్యి మీదికొచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, చూసుకుంటే నిలవలేరని.

అధ్యక్షుడు పతకం అందుకుని ముందుకొచ్చాడు. జేబు పైన పెట్టాడు. తగల్లేదు. కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. హుక్కు బయటికి ఉంటే కదా కనబడ్డానికి. చూపుడువేలితో అటూ ఇటూ తడిమాడు.

అప్పుడు తెలిసింది టైలరమ్మకి తను చేసిన పని. ఇన్ని రోజుల శ్రమ, ఆ పిల్ల ఓర్చుకున్న నొప్పి, అంతా నా చేతి అలవాటు తగలెట్టిందిరా దేవుడా అనుకుంది. ఇంతలో పెద్దాయన పక్కనున్న సహాయకుడు జేబులోంచి పిన్నీసు తీసి విప్పాడు. అది ఎక్కడ దిగుతుందో తల్లికి తెలుసు. ఆ గుడ్డ వెనకే ఉల్లిపొర లాంటి చర్మం. పిల్ల కూడా పిన్నీసు చూసింది. కదల్లేదు. రెప్ప వేయలేదు. గుచ్చినా అలాగే నిలబడేది, ఆ మొండిది. తల్లికి అది తెలుసు గనకే కుర్చీలోంచి లేచింది.

"అయ్యా, పిన్నీసు వద్దు" అంది. దుకాణంలో మిషను చప్పుడు మీద మాట్లాడే గొంతు అది, హాలు చివరిదాకా వెళ్లింది. "హుక్కు ఉందండి. మడత చాటున ఉంది. బొటనవేలితో మడత పైకెత్తి, కింద నుంచి దూర్చండి."

భద్రతవాళ్లు ఇద్దరు అడుగు ముందుకేశారు. ఆఫీసరు కళ్లు మూసుకున్నాడు. మేనత్త, అంతటి మేనత్త, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పెద్దాయన అందరినీ ఆగమని చెయ్యి చూపించాడు. పిన్నీసు వెనక్కి ఇచ్చేయమన్నాడు. బొటనవేలితో మడత ఎత్తాడు. "ఇక్కడా అమ్మా?" అని అడిగాడు, హాలు మొత్తాన్ని వదిలేసి ఆవిడ ఒక్కదాన్నే చూస్తూ.

"ఇంకాస్త ఎడమకండి. ఆఁ, అదే. ఇప్పుడు వదిలేయండి, నిలుస్తుంది."

నిలిచింది.

ఆయన వెనక్కి జరిగాడు. ఆ పిల్ల కుడి చెయ్యి లేచి నుదుటి దగ్గర ఆగింది. అంత చక్కటి సెల్యూట్ ఆ రోజు ఇంకెవరూ కొట్టలేదు, ఇది తల్లి మాట కాదు, పక్క వరుసవాళ్లన్న మాట. పెద్దాయన వెంటనే కదిలి వెళ్లలేదు. తనూ సెల్యూట్ చేసి, పిల్లతో మెల్లగా ఏదో అన్నాడు. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. నోరు మెదపొద్దన్నారు గానీ చప్పట్లు కొట్టొద్దని ఎవరూ అనలేదు. వెనక వరుసలో ఒక చేతికర్రల జవాను, ఆ రోజు ఆ గుడారాల్లో ఉన్నవాళ్లలో ఒకడు, కర్రలు పక్కన పడేసి, ముందు కుర్చీ పట్టుకుని లేచాడు. అతని పక్కవాళ్లు లేచారు. చూస్తుండగానే హాలంతా లేచి నిలబడింది. టైలరమ్మ అప్పటికే నిలబడి ఉంది గనక ప్రత్యేకంగా లేవనక్కర్లేకపోయింది.

బయటికొచ్చాక మేనత్తకి నోరు తిరిగొచ్చింది. "దేశాధ్యక్షుడికే పని పురమాయించావు కదమ్మా."

"నాకు పెళ్లైనప్పట్నుంచీ పురమాయిస్తోంది అక్కా" అన్నాడు తండ్రి, కళ్లు తుడుచుకుంటూ. "ఆయనకి ఒక్కసారితో వదిలేసింది, అదృష్టవంతుడు."

టైలరమ్మ నవ్వింది. నోట్లో సూదులు లేవు కదా.

కూతురు వరండాలో నిలబడి ఉంది. వచ్చేవాళ్లు వస్తున్నారు, చెయ్యి కలిపేవాళ్లు కలుపుతున్నారు. తల్లి దగ్గరికి వెళ్లి, "పెద్దాయన ఏమన్నాడే?" అంది.

"నొప్పిగా ఉందా అని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"ఉందన్నాను." పిల్ల ఊపిరి తీసుకుంది. "అమ్మా, ఆ చదివారే, అదంతా నీకు నేను చెప్పాల్సింది. చెబితే నువ్వు తట్టుకోలేవేమో అనుకున్నాను."

"తట్టుకోకపోతే తట్టుకోను. అయినా చెప్పు" అంది తల్లి. "ముందు కాస్త కూర్చో. లోపల కుర్చీలున్నాయి."

"ఇంకాసేపమ్మా" అంది బండిపిల్ల. చేతికర్రల జవాను ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఆమెవైపే వస్తున్నాడు. అతను దగ్గరికి చేరేదాకా ఆ పిల్ల అలాగే నిటారుగా నిలబడి ఉంది. తల్లి ఆమె కుడివైపు, తగలకుండా, తగిలేంత దగ్గర్లో నిలబడింది.

అదీ సంగతి. ఇప్పుడు మీ వంతు. ఈ కథ వెళ్లి పదిమందికి చెప్పండి. అయితే ఒక్క మాట. జనం నవ్వొచ్చిన ముక్కే ముందు పట్టుకుంటారు, హుక్కు గురించే చెప్పి ఊరుకుంటారు. మీరు అలా చేయకండి. ఒక పిల్ల మండే బండిలో రెండు చేతులూ తియ్యకుండా వాగు దాకా వెళ్లిందని ముందు చెప్పండి. అది విన్నవాళ్లు కాసేపు మాట్లాడకుండా ఉంటారు. ఉండనివ్వండి. తర్వాత ఆ తల్లి లేచిన సంగతి చెప్పండి. మర్చిపోకండి మరి.